నయా ఉదారవాదం, అంటే మార్కెట్‌కు, పోటీకి పెద్దపీట వేసే ఆర్థిక ధోరణి. దాని అర్థం ప్రభుత్వం తప్పుకోవడమేనా? సుంకాలు తిరిగొచ్చాక అది పోయినట్టేనా?

రెండింటికీ నా జవాబు "కాదు" అనే.

ముందు మొదటిది. ఈ పేరు చర్చకు వచ్చిన 1938 పారిస్ సమావేశంలోనే "ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోవాలి" అనే పాత వాదం మీద చాలామందికి నమ్మకం పోయింది. జర్మనీలో ఫ్రైబర్గ్ ఆర్థికవేత్తల బృందం, ముఖ్యంగా వాల్టర్ ఆయ్‌కెన్, చెప్పిందేమిటంటే: పోటీ దానంతటది నిలవదు, వదిలేస్తే కంపెనీలు కుమ్మక్కవుతాయి, కాబట్టి చట్టం గట్టిగా ఉండాలి. అందుకే పశ్చిమ జర్మనీలో ఆర్థిక వ్యవహారాలు చూసిన ఎర్హార్డ్ 1948 జూన్‌లో చాలా సరుకుల మీద ధరల నియంత్రణ ఎత్తేసినా, 1957లో కార్టెళ్ల (కుమ్మక్కైన కంపెనీల కూటముల) మీద చట్టం కూడా వచ్చింది. అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తల నమ్మకం వేరు: ప్రభుత్వం కాపాడకపోతే గుత్తాధిపత్యం ఎక్కువ కాలం నిలవదు. న్యూజీలాండ్ 1989లో రిజర్వ్ బ్యాంక్ చట్టం చేసి, ద్రవ్యోల్బణం 0–2 శాతం మధ్య ఉంచాలని గవర్నర్‌తో ఒప్పందం రాయించుకుంది. ఎక్కడా ప్రభుత్వం ఇంటికి పోలేదు, చేసే పని మారిందంతే.

ఎక్కడ చెడుతుందో చూడాలంటే చిలీ చాలు. 1979లో డాలరుకు 39 పెసోలని రేటు కట్టేశారు. అదే సమయంలో జీతాలు మాత్రం గడిచిన ద్రవ్యోల్బణాన్ని బట్టి చట్టప్రకారం పెరుగుతూ పోయాయి. తయారీదారుడి ఖర్చు పెసోల్లో పెరుగుతుంది, ఎగుమతి చేసిన ప్రతి డాలరుకూ చేతికొచ్చేది మాత్రం అదే 39. దిగుమతులు చవకయ్యాయి, స్థానిక ఫ్యాక్టరీలు దెబ్బతిన్నాయి. మరోపక్క బ్యాంకులు పెద్ద వ్యాపార గ్రూపుల చేతిలో ఉండేవి. అవి బయట డాలర్లు అప్పు తెచ్చి తమ సొంత కంపెనీలకే ఇచ్చుకున్నాయి. అడిగే తనిఖీదారు లేడు. అమెరికా సెంట్రల్ బ్యాంకు అధిపతి వోల్కర్ వడ్డీలు పెంచడంతో ఆ అప్పుల భారం ఇంకా పెరిగింది.

1982 జూన్‌లో పెసో విలువ తగ్గించి, డాలరుకు 46 పెసోలు చేశారు. 100 డాలర్ల అప్పు 3,900 పెసోల నుంచి రాత్రికి రాత్రి 4,600 అయింది. ఆదాయం పెసోల్లోనే ఉన్నవాడు ఎక్కడి నుంచి తెస్తాడు? పతనం అక్కడితో ఆగలేదు కూడా. ఆ ఏడాది ఉత్పత్తి సుమారు 14 శాతం పడిపోయింది. 1983 జనవరిలో ప్రభుత్వమే పెద్ద బ్యాంకులను తన చేతిలోకి తీసుకుంది. ఈ విధానాలు నడిపింది షికాగోలో చదివిన ఆర్థికవేత్తలే కాబట్టి, "సోషలిజానికి షికాగో దారి" అనే వెటకారం అప్పుడు పుట్టింది.

నన్నడిగితే తప్పు మార్కెట్ తెరవడంలో కన్నా తెరిచిన వరసలో ఉంది. బ్యాంకుల మీద పర్యవేక్షణ ముందు, స్వల్పకాలిక విదేశీ అప్పుకు తలుపు చివర ఉండాలి. చిలీ ఈ పాఠం నేర్చుకుంది. 1991లో విదేశీ అప్పుల మీద రిజర్వు షరతు పెట్టింది. 1992 నుంచి బయటి నుంచి 100 వస్తే అందులో 30 ఏడాది పాటు వడ్డీ లేకుండా సెంట్రల్ బ్యాంకులో ఉంచాల్సి వచ్చేది (1998లో ఈ షరతు ఎత్తేశారు). మూణ్ణెల్లకు వచ్చిన డబ్బుకు ఈ నష్టం భరించలేనిది, ఐదేళ్లకు వచ్చినదానికి అంతగా తెలియదు. ఇలాంటి నియంత్రణలు కొన్ని పరిస్థితుల్లో సబబేనని అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) 2012లో ఒప్పుకుంది. ఇరవై ఏళ్లు ఆలస్యమే!

ఇక రెండో ప్రశ్న. దేశాల మధ్య వ్యాపారం వరకు పాత నిబంధనల కట్టడి నిజంగానే సడలింది. 2019 డిసెంబర్ నుంచి ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) అప్పీలు సంఘంలో కేసు వినేందుకు చాలినంత మంది సభ్యులు లేరు. చిప్‌ల తయారీకి అమెరికా 2022లో సబ్సిడీ చట్టమే చేసింది. కానీ 1995 నాటి పేటెంట్ నిబంధనలు, ప్రభుత్వాల మీద విదేశీ పెట్టుబడిదారులు మధ్యవర్తిత్వానికి వెళ్లే ఒప్పందాలు, ద్రవ్యోల్బణ లక్ష్యాలు చాలాచోట్ల అలాగే ఉన్నాయి. కాబట్టి మొత్తంగా ఉందా పోయిందా అని కాకుండా ఏ ముక్కకాముక్క విడిగా చూడండి.

చిలీ పింఛనే తీసుకోండి. 1981 నుంచి జీతంలో 10 శాతం ఉద్యోగి సొంత ఖాతాకు పోయేది, దాన్ని ప్రైవేటు సంస్థలు నడిపేవి. 2025 సంస్కరణ యజమాని చెల్లించే వాటాను పెంచుతూ పోయేలా చేసింది. ఆ ప్రైవేటు సంస్థలను మాత్రం ఉండనిచ్చింది.