వేక్‌ల మధ్య ఫిల్మ్ కూలింగ్ చేయబోతున్న మా చిన్నికి

చిన్నీ,

టర్బైన్ బ్లేడ్ల ఫిల్మ్ కూలింగ్ (రంధ్రాల్లోంచి చల్లగాలి ఊది బ్లేడు మీద పొరలా కప్పడం) మీద, అదీ నిలకడలేని ప్రవాహంలో, పీహెచ్‌డీ మొదలుపెట్టావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. "అంతా నీ వల్లే అన్నయ్యా" అని విసుక్కున్నాడు కూడా. నేను మాత్రం తెగ పొంగిపోయాను. కానీ రిగ్‌లో వేక్‌లు (ముందున్న వస్తువు వెనక మిగిలే నెమ్మదైన, కల్లోలపు గాలి) పుట్టించే కడ్డీల చక్రం నువ్వే తిప్పబోతున్నావని విన్న దగ్గర్నుంచి ఒకటే టెన్షన్.

తెలిసినవే గబగబా చెప్పేస్తాను. టెస్ట్ ప్లేటు వేడిని సరిగా ప్రసరించని ఫోమ్‌తో చేయించు. రంధ్రాల అంచుల్లో బర్ (తొలిచినప్పుడు మిగిలే గరుకు) మిగలనివ్వకు. ఇంజన్‌లో కూలెంట్ (ఊదే చల్లగాలి) సాంద్రత వేడి గ్యాస్‌కి దాదాపు రెట్టింపు ఉంటుంది, మామూలు గాలితో చేస్తే ఆ నిష్పత్తి 1 దగ్గరే ఆగుతుంది. కార్బన్ డయాక్సైడ్‌తో 1.5 వస్తుంది. అది వాడే రోజు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయకుండా సిలిండర్ తిప్పావో, ఊరుకోను.

ఇక బ్లోయింగ్ రేషియో, అంటే కూలెంట్ సాంద్రతని దాని వేగంతో గుణించి, వేడి గ్యాస్ సాంద్రత, వేగాల లబ్ధంతో భాగిస్తే వచ్చేది. గుండ్రటి రంధ్రాలకి అది 0.5 దగ్గర ఉంటే చల్లగాలి దుప్పటి కప్పినట్టు బ్లేడుని అంటిపెట్టుకుంటుంది. ఇంకా ఊదితే ఇంకా చల్లబడుతుందని ఆశపడతాం. కానీ అప్పుడు జెట్ (రంధ్రంలోంచి వచ్చే గాలిధార) పైకి లేచిపోయి, దాని కిందకి వేడి గ్యాస్ దూరుతుంది.

మా ల్యాబ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు, చాలా పనిమంతుడు. చక్రం లేకుండా ఒకసారి, పెట్టి తిప్పుతూ ఒకసారి కొలిచాడు. రెండోసారి ఎఫెక్టివ్‌నెస్ (చల్లటి పొర ఎంత బాగా పనిచేస్తోందనే కొలత) బాగా పడిపోయింది. వేక్ దెబ్బ అని గ్రాఫులు గీశాడు, మేమందరం తలూపాం. ఎవరికీ తట్టనిది ఏమిటంటే, కడ్డీలు అడ్డం పడి టన్నెల్ వేగమే తగ్గింది. కూలెంట్ రోటామీటర్‌ని (ప్రవాహం కొలిచే మీటరుని) ఎవరూ ముట్టుకోలేదు. పట్టికలో 0.5 అని రాసున్న రేషియో నిజానికి 0.6 దాటింది. వేక్ చేసిన నష్టమెంత, జెట్ లేచిపోవడం వల్ల నష్టమెంత, విడదీసే దారి లేదు. రిగ్ విప్పే ముందు ఎవరో హాట్‌వైర్ (గాలి వేగం కొలిచే సన్నటి వేడి తీగ) కడ్డీల వెనక పెట్టి చూస్తే బయటపడింది. ఆ సీనియర్ ఎవర్నీ తిట్టలేదు. నోట్‌బుక్ తెరిచి, ఒక్కో పట్టిక మీద పెన్సిల్‌తో అడ్డగీత కొడుతూ కూర్చున్నాడు. పాపం, ఆ పక్కన నిలబడలేకపోయాం.

కాబట్టి ప్రతి రన్‌లోనూ కడ్డీల వెనక సగటు వేగం కొలిచి, ఫ్యాన్ సరిచేశాకే డేటా తీసుకో. సగటు సరిపోయినా నిశ్చింతగా ఉండకు. వేక్ దాటే ప్రతిసారీ రంధ్రం బయట పీడనం ఊగుతుంది, దాంతో జెట్ కూడా కొట్టుకుంటుంది. లీడింగ్ ఎడ్జ్ (బ్లేడు ముందంచు) దగ్గర లోపలి పీడనం బయటిదాని కంటే కాస్తే ఎక్కువ. క్షణకాలం అది తిరగబడితే వేడి గ్యాస్ రంధ్రంలోకే వస్తుంది. 40 వేన్‌లు (బ్లేడ్ల ముందుండే కదలని రెక్కలు), 12,000 ఆర్‌పీఎం అనుకో, బ్లేడు సెకనుకి 8,000 వేక్‌లు దాటుతుంది. థర్మోకపుల్‌కి అంత చురుకు ఎక్కడిది? చురుకైన సెన్సర్ పెట్టి, చక్రం నుంచి తిప్పుకొక ట్రిగ్గర్ సిగ్నల్ తీసుకుని ఫేజ్ (తిప్పులో ఏ దశ) వారీగా సగటు చెయ్యి. స్ట్రూహాల్ సంఖ్య (వేక్‌లు ఎంత తరచుగా వస్తున్నాయో ప్రవాహ వేగంతో పోల్చే సంఖ్య) ఇంజన్‌తో సరిపోవాలి.

వేక్ ఎప్పుడూ శత్రువే అని ముందే రాసిపెట్టుకోకు తల్లీ. బ్లోయింగ్ తక్కువున్నప్పుడు బాగా దెబ్బతీస్తుంది, జెట్ అప్పటికే లేచిపోయి ఉంటే ఆ దెబ్బ తగ్గుతుంది, ఒక్కోసారి మేలు కూడా చేస్తుంది. నీ గైడ్ నమ్మకపోతే కొలతలు చూపించు. లోహం ఉష్ణోగ్రత పాతిక ముప్పై డిగ్రీలు తప్పు చెబితే బ్లేడు ఆయుష్షు సగానికి పడిపోవచ్చు, అందుకే ఇంత పట్టుబట్టడం.

ఇక నా భయం. ఒకసారి మా చక్రంలోంచి కడ్డీ ఊడి, అక్రిలిక్ గోడ చీల్చుకుని ఎదుటి బీరువాలో దిగబడింది. అదృష్టం, అప్పుడు అక్కడ ఎవరూ లేరు. మందపాటి స్టీలు గార్డు లేకుండా మోటార్ ఆన్ చేయకు. చక్రం తిరిగే వరుసలో నిలబడకు. రాత్రిపూట ఒక్కదానివే రన్ చేయకు, డెడ్‌లైన్ ఉన్నా సరే. "మా పెదనాన్న చాదస్తం" అని నవ్వుకో, ఫర్వాలేదు.

గార్డు బిగించాక ఫొటో పంపు. బోల్టులు కనబడాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న