మంటకు మంటే మందా?

ప్రశ్న: మా నాయినకు షుగర్. రాత్రయితే అరికాళ్లు భగభగ మండుతయి. డాక్టర్ మిరప సారం ఉన్న క్రీము రాసిండు. మేం ఏనుమాముల యార్డుల మిర్చి బస్తాలు ఎత్తేటోళ్లం, ఆ మంట మాకు తెల్వదా? అది మందెట్లయితది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అయితది. మిర్చిలోని కాప్సైసిన్ చర్మాన్ని కాల్చదు, నరాన్ని మోసం చేస్తుంది. నొప్పి నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే అయాన్ ఛానెల్ ఉంటుంది. తలుపు అనుకోండి. దాదాపు 43 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకుని కాల్షియం, సోడియం అయాన్లను లోపలికి వదులుతుంది. 'కాలింది' అని మెదడుకు కబురు పోతుంది. కాప్సైసిన్ ఆ తలుపును వేడి లేకుండానే తెరుస్తుంది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని పట్టుకుంది. ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. తలుపు పదే పదే తెరుచుకుంటే లోపల కాల్షియం నిండి నరం కొస మొద్దుబారుతుంది. మనకు కావలసింది అదే.

మరి తలుపుకు తాళమే వేస్తే? ఆ మాత్రలూ చేసి చూశారు. కొందరికి జ్వరంలా ఒళ్లు కాగింది, కాలే నీళ్ల వేడి కూడా సరిగా తెలియలేదు.

0.075 శాతం క్రీమైతే రోజుకు 3-4 సార్లు పలుచగా రాయాలి. మొదటి వారం మంట పెరుగుతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. గుర్తొచ్చినప్పుడు ఒకసారి రాస్తే ఇంకా నష్టం: నరం మధ్యలో తేరుకుంటుంది, మీకు మంటే మిగులుతుంది. గుణం తెలియడానికి 2-4 వారాలు పడుతుంది. పగుళ్లు, పుండ్ల మీద వద్దు. రాసే ముందూ తర్వాతా వేడినీళ్లు పోసుకోవద్దు. గ్లౌజు లేక చేతికి అంటితే నీళ్లతో పోదు. కొబ్బరినూనె రుద్ది, ఆపైన సబ్బుతో కడగాలి. ఇంట్లో మిర్చి నూరి మాత్రం పూయకండి. తేజ కారం వేరు, చపాట కారం వేరు, మోతాదు ఎవరికీ అందదు.

ప్రశ్న: అమెరికాలో కొత్త నొప్పి మాత్ర వచ్చిందట. అమ్మ మోకాళ్లకు తెప్పించవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వద్దమ్మా. దాని పేరు సుజెట్రిజిన్. అక్కడ 2025 జనవరి 30న అనుమతి వచ్చింది, అదీ పెద్దవాళ్లలో ఆపరేషన్ తర్వాతి నొప్పిలాంటి తాత్కాలిక నొప్పికే. నొప్పి నరాల్లోని ఎన్ఏవీ1.8 అనే తలుపులాంటి సోడియం ఛానెల్‌ను మూస్తుంది. మెదడు జోలికి పోదు కాబట్టి మార్ఫిన్‌లా అలవాటు పడే భయం లేదు. మొదట పరగడుపున 100 మి.గ్రా., తర్వాత 12 గంటలకోసారి 50. తాత్కాలిక నొప్పికి 14 రోజులు దాటి వాడటాన్ని పరీక్షించలేదు. నడుము నుంచి కాలికి లాగే నొప్పి మీద పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ దాదాపు అంతే తగ్గింది. ఏళ్ల తరబడి అరిగిన మోకాలికి ఇది కాదు.