పాత ఫ్యాక్టరీ నేలను పరీక్షించే ఉద్యోగం మా అమ్మాయికి సరిపోతుందా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ జియాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. కాలేజీ వాళ్లు తమిళనాడులోని రాణిపేట తీసుకెళ్లి, మూతపడ్డ క్రోమియం ఫ్యాక్టరీ దగ్గర పసుపు రంగు నీళ్లు చూపించారట. అప్పట్నుంచి ఇలాంటి నేలలను పరీక్షించే పనే చేస్తానంటోంది. మేము బ్యాంకు కోచింగుకు పంపాలనుకున్నాం. అసలు అలాంటి ఉద్యోగాలున్నాయా? ఆడపిల్లకు ప్రమాదం కాదా?
– ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ అమ్మాయి ఏం చూసి కదిలిపోయిందో ముందు మీకు తెలియాలి. రాణిపేటలో తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ అనే సంస్థ దాదాపు రెండు దశాబ్దాలు క్రోమియం లవణాలు తయారుచేసి 1990ల నడుమ మూతపడింది. గేటుకు తాళం పడినా, లక్ష టన్నులకు పైగా వ్యర్థం గుట్టగా అక్కడే మిగిలింది. వాన పడినప్పుడల్లా అందులోని హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియంలో విషపూరితమైన రూపం) కరిగి, నీటిని పసుపు చేసి, భూమిలోకి దిగి పాలారు నది వైపు సాగుతుంది. 2006లో న్యూయార్క్‌కు చెందిన ఒక సంస్థ ప్రపంచంలో అత్యంత కలుషితమైన పది చోట్ల జాబితాలో రాణిపేటను చేర్చింది. ఆ పాలారు రాణిపేట చేరక ముందు మన కుప్పం ప్రాంతం మీదుగానే పారుతుంది.

ఆ గుట్టలో విషం ఉందని ఎవరైనా చెప్పగలరు. అది ఎటు పోతోంది, ఎంత లోతున పోతోంది, ఎవరి బావిని ఎప్పటికి చేరుతుంది అని తేల్చడమే ఈ ఉద్యోగం. పని బోరు మిషనుతో మొదలవదు. ముందు పాత పటాలు, లైసెన్సు కాగితాలు చూడాలి. ఏ షెడ్డులో ఏం చేశారో, ఎక్కడ పారబోశారో అక్కడ పనిచేసి రిటైరైన కార్మికులను అడగాలి. క్రోమైట్ ఖనిజాన్ని సోడాయాష్, సున్నంతో కలిపి కాల్చేవారని తెలిశాకే నేలలో ఏం వెతకాలో తెలుస్తుంది. బోర్లు ఆ తర్వాత. కనీసం మూడు బోర్లలో నీటిమట్టం కొలిచి, వాటి ఎత్తులను సరిచూస్తే భూగర్భజలం ఏ దిక్కుకు వాలుతోందో బయటపడుతుంది.

మీ చిత్తూరులాగే రాణిపేటదీ గట్టిరాతి నేల. పైన మెత్తబడిన పొర, కింద పగుళ్లున్న రాయి. నీరు పగుళ్ల వెంటే నడుస్తుంది కనుక, గుట్ట పక్క బోరు బాగుండి దూరపు బోరు పాడవచ్చు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు రాణిపేట నేలలోకి కరెంటు పంపి, దాని నిరోధాన్ని కొలిచి ఈ దారులనే వెతికారు. రాయి గురించి తెలిసిన మనిషి లేకుండా ఇక్కడ ఎంత గొప్ప ల్యాబు ఉన్నా లాభం లేదు. అందుకే మీ అమ్మాయి చదివిన జియాలజీ దీనికి సరైన పునాది అంటాను.

శాంపిల్ తీయడం కూడా నేర్చుకోవలసిన విద్యే. తాగునీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. అంత చిన్న అంకె దగ్గర సరిగా కడగని సీసా ఒక్కటి చాలు, ఫలితం తారుమారవుతుంది. నా దగ్గర చదివి వెళ్లిన ఒక కుర్రాడిని మొదటి ఉద్యోగంలోనే ఒక బోరు ఫలితం రిపోర్టులోంచి తీసేయమన్నారు. తీయనన్నాడు, ఆ ప్రాజెక్టు పోయింది. స్థలం యజమానే డబ్బిచ్చి రిపోర్టు రాయించుకునే చోట ఈ ఒత్తిడి తప్పదు. మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పండి, రిపోర్టులో అంకె మారితే ఆ నీళ్లు తాగే కుటుంబానికి ఏమవుతుందో.

ఇక ఉద్యోగాలు. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం ఆర్నెల్లకోసారి అనుమానమున్న స్థలాల వివరాలు పంపాలి. 90 రోజుల్లో ప్రాథమిక అంచనా, ఆపైన మూడు నెలల్లో వివరమైన సర్వే జరగాలి. శుద్ధి ఖర్చు కలుషితం చేసినవారిదే. ఇవన్నీ చేయడానికి మనుషులు కావాలి. అమెరికాలో 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం వల్ల పాత కాలుష్యం భారం కొత్త యజమాని మీద కూడా పడొచ్చు. అందుకని అక్కడ ఇలాంటి స్థలం కొనేముందే పరీక్ష చేయించుకుంటారు, కన్సల్టెన్సీలకు పని దండిగా దొరుకుతుంది. మన దగ్గర అంత లేదు. మొదటి రెండు మూడేళ్లు జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోల్చేలా ఉండదు, ఇది దాచను.

చదువు విషయంలో నా మాట ఒకటే. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అనే పేరు చూసి అటు మారవద్దు. అప్లైడ్ జియాలజీలోనో హైడ్రోజియాలజీ (భూగర్భజల శాస్త్రం)లోనో పీజీ చేయించండి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్షలో జియాలజీ పేపరు ఉంది. పీజీ అయ్యాక యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష ద్వారా కేంద్ర భూగర్భజల బోర్డులో సైంటిస్ట్ కావచ్చు. మీరు కోరుకునే ప్రభుత్వోద్యోగ భద్రత ఆ దారిలోనూ ఉంది. బ్యాంకు కోచింగును ఒక్క ఏడాది వెనక్కి జరపండి చాలు.

ప్రమాదం సంగతి. హెక్సావాలెంట్ క్రోమియం దుమ్ము పీల్చితే ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చే ముప్పుంది, ఒంటికి తగిలితే చర్మం మీద పుండ్లు పడతాయి. ఆడా మగా తేడా లేదు. మాస్కు, గ్లవ్స్, ముందస్తు శిక్షణ లేకుండా సైటులోకి పంపే కంపెనీలో ఎవరూ చేరకూడదు. ఆడపిల్లలకు అసలు ఇబ్బంది బోర్లు వేసే చోట టాయిలెట్టు, రాత్రి బస లేకపోవడం. ఇంటర్వ్యూలోనే అడగమనండి, అందులో తప్పేమీ లేదు.

ఈ లోపు ఒక పని. మీ ఊరి చుట్టూ మూడు బావులు ఎంచుకుని, వానలకు ముందోసారి, తర్వాతోసారి నీటిమట్టం కొలిచి, నీరు ఎటు వాలుతోందో కాగితం మీద గీయమనండి. మీరూ వెంట వెళ్లండి. ఒకరు టేపు దించుతుంటే అంకెలు రాసుకోవడానికి ఇంకో మనిషి కావాలి.