రక్తకణాల పరీక్ష సంగతి తర్వాత, ముందు ఆ కడుపునొప్పి చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 41. బరువు 92 కిలోలు. ఆర్నెల్ల కిందట ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఒకరకం కొవ్వు) 640 ఉంటే డాక్టరుగారు వాటిని తగ్గించే ఫెనోఫైబ్రేట్ మాత్రలు రాశారు. రెండు నెలలు వాడి మానేశాను. ఇప్పుడు రోజూ రెండు ఫిష్ ఆయిల్ క్యాప్సూల్స్, పరగడుపున రెండు చెంచాల కొబ్బరినూనె తీసుకుంటున్నాను. తిన్న కొవ్వు ఒంట్లో ఏం చేస్తుందో రక్తకణాలను బట్టి తెలుస్తుందని చదివాను. నాకు ఏ నూనె పడుతుందో అలా తెలుసుకోవచ్చా? ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు? ఈమధ్య రాత్రి ఎక్కువ తింటే పైకడుపులో నొప్పి వస్తోంది. గ్యాస్ మాత్రతో తగ్గుతోంది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు చివర్లో రాసి వదిలేసిన ఆ నొప్పే నన్ను కంగారు పెడుతోంది. ట్రైగ్లిజరైడ్స్ 500 దాటితే పాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాచే ముప్పు ఉంటుంది, 1000 దాటితే మరీ ఎక్కువ. మీరు మందు మానేసి నాలుగు నెలలైంది, మళ్లీ రక్తపరీక్ష చేయించుకున్నట్టు లేదు. నొప్పి మామూలు గ్యాస్‌దే కావచ్చు, పిత్తాశయంలో రాళ్లదీ కావచ్చు. చూడకుండా చెప్పడం సరికాదు. ఒకట్రెండు రోజుల్లో ఫిజీషియన్‌ను కలవండి. లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వులు), హెచ్‌బీఏ1సీ (షుగర్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), క్రియాటినిన్ (కిడ్నీలు), లైపేజ్ (పాంక్రియాస్) పరీక్షలు, పొట్ట స్కానింగ్ అవసరం పడొచ్చు. మద్యం అలవాటుంటే ఆయన దగ్గర దాచకండి.

రక్తకణాల గురించి మీరు చదివింది నిజమే. కొవ్వు ప్రభావం తెలియాలంటే కాలేయాన్నీ, ఒంట్లోని కొవ్వునూ చూడాలి. పరిశోధన కోసం మాటిమాటికీ మనిషి కాలేయం నుంచి ముక్క తీయలేరు కదా. అందుకని రక్తంలోంచి లింఫోసైట్లు, మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలను వేరుచేసి, కొవ్వును ఖర్చుచేసే జన్యువులు, ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు) పెంచే జన్యువులు వాటిలో ఎంత చురుగ్గా ఉన్నాయో చూస్తారు. ఉపవాసంతోనూ, చేపనూనెతోనూ ఇవి మారతాయని నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు గమనించారు. అయితే అవి కొంతమందిని కలిపి పోల్చి చెప్పిన ఫలితాలు. చిన్న ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఈ కణాల తీరు మారిపోతుంది. ఫలానావారికి ఫలానా నూనె అని తేల్చే పరీక్షగా దాన్ని వైద్యంలో వాడటం లేదు. ఎవరైనా ప్యాకేజీ అని అమ్మితే డబ్బు పెట్టకండి.

మామూలు 1000 మిల్లీగ్రాముల ఫిష్ ఆయిల్ క్యాప్సూల్‌లో ట్రైగ్లిజరైడ్స్‌ను తగ్గించే ఒమేగా-3 కొవ్వు సాధారణంగా 300 మిల్లీగ్రాములే. ట్రైగ్లిజరైడ్స్ తగ్గడానికి డాక్టర్లు రాసే ఒమేగా-3 మోతాదు రోజుకు దాదాపు 4 గ్రాములు. అలాగని సొంతంగా పెంచకండి, మోతాదు ఎక్కువైతే కొందరిలో గుండె లయ తప్పుతుంది. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం శాచురేటెడ్ కొవ్వే, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పెంచుతుంది. ఆ రెండు చెంచాలు ఈరోజే ఆపేయండి. ఏ నూనె అన్న టెన్షన్ కన్నా మొత్తం నూనె, అన్నం, స్వీట్లు, కూల్‌డ్రింకులు తగ్గించడం మీకు ముఖ్యం.

అసలు మందు ఎందుకు మానేశారో రాయలేదు. రిపోర్టు బాగా వచ్చిందని మానేసేవాళ్లను రోజూ చూస్తుంటాను. అది బాగా వచ్చింది ఆ మందు వల్లే! కండరాల నొప్పులో, కడుపులో తేడానో ఉంటే రాసిన డాక్టరుకే చెప్పాల్సింది, వేరేది ఇచ్చేవారు. ఇది చదివి, మిగిలిన మాత్రలు మళ్లీ మొదలుపెట్టడం కూడా తప్పే. పిత్తాశయ జబ్బు ఉన్నవారు ఫెనోఫైబ్రేట్ వాడకూడదు, కిడ్నీల పనితీరు కూడా ముందే చూసుకోవాలి.

పాత రిపోర్టులు, వాడుతున్నవాటి డబ్బాలు వెంట తీసుకెళ్లండి. ఈలోపు నొప్పి వీపులోకి పాకినా, వాంతులు ఆగకపోయినా, జ్వరం వచ్చినా గ్యాస్ మాత్ర వేసుకుని కూర్చోకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.