పెరటి తలుపు మీద చెయ్యి వేసేముందు

చిరంజీవి అల్లుడికి అత్త ఆశీస్సులు.

దీపావళి సెలవులకి ఊరొచ్చి పెరటి తలుపు నువ్వే బాగుచేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. డ్రిల్లు మిషను కూడా ఆన్‌లైన్లో తెప్పించావంట. మీ తాతయ్య పోయాక మనింట్లో ఉలి పట్టినవాడు లేడు. వినగానే పొంగిపోయాను. రాత్రి పడుకున్నాక మాత్రం దిగులు పట్టుకుంది. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటావు తప్ప ఒక్క ముక్క చెవికెక్కదు. అందుకని రాస్తున్నాను.

ముందు అసలు మాట. దీపావళికి ఆ తలుపు దించడానికి వీల్లేదు. రా, చూసుకో, కొలతలు తీసుకో, టపాసులు కాల్చుకుని పో. తలుపు మాత్రం బందుల మీదే ఉండాలి. ఆశ్వయుజం, కార్తీకం మన కోనసీమకి తుపాన్ల రోజులు. ఆ రోజుల్లో ద్వారానికి తలుపు లేకుండా ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. పోనీ తుపాను రాకపోయినా, వానాకాలమంతా నీళ్ళు తాగిన చెక్క అప్పటికి ఆరదు. తేమ చూసే మిషను చిన్నది దొరుకుతుందట కదా, అదీ తెప్పించు. 20 శాతం పైన తేమ ఉన్నంతకాలం చెక్క పుచ్చుతూనే ఉంటుంది. అందులో లప్పం పెట్టినా రంగు వేసినా లోపలి తడిని లోపలే బంధించినట్టు. సంక్రాంతి వెళ్ళి, మాఘం ఎండలు కాస్త కాశాక దించుదువుగాని.

నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. పై బందు దగ్గర వేలు దూరేంత సందుంది. గడియ వైపు కింది మూల గడపని గీరేస్తోంది. నువ్వేమో "తలుపు ఉబ్బింది, కింద కాస్త చిత్రిక పడితే సరి" అన్నావట. ఆ మాట మీ అమ్మ నోట విన్నప్పుడే నా గుండె గుభేలుమంది. ఎందుకో చెబుతాను విను.

1996 శ్రావణం. సరిగ్గా ఈ తలుపే, సరిగ్గా ఇలాగే గీరేది. తోసీ లాగీ మీ బామ్మ విసుక్కునేది. మీ తాతయ్య పాలకొల్లులో ఎవరిదో పెళ్ళికి వెళ్ళారు. సెలవులకొచ్చిన మీ నాన్న, ఆయన వచ్చేలోగా పని చేసి చూపిద్దామనుకుని తలుపు కింద అంగుళానికి కాస్త తక్కువగా చిత్రిక పట్టేశాడు. పక్కన కూడా గీశాడు. తలుపు సుతారంగా తిరిగింది. మేమంతా మెచ్చుకున్నాం, నేనైతే కాఫీ కలిపి ఇచ్చాను కూడా.

చెక్క వెడల్పులో ఉబ్బుతుందిరా, పొడవులో ఉబ్బదు. మూడడుగుల పలకల తలుపు వానాకాలంలో పావంగుళం దాకా పక్కకి పెరగొచ్చు. నిలువునా పెరగడమంటూ ఉండదు. కింద గడపకి తగులుతోందంటే తలుపు పెరగలేదు, జారింది. అప్పుడు జారింది ఎందుకంటే పై బందు వెనక ద్వారబంధం చెక్క పొడిపొడి అయిపోయింది. స్క్రూలు పట్టు లేక బయటికొచ్చేస్తున్నాయి. మీ నాన్న దాన్ని చూడలేదు. చిత్రిక పట్టాక తలుపు ఇంకా జారింది. జారేసరికి గడియ దాని బెజ్జానికి అందలేదు. అందకపోతే ఏం చేశాడు? ఉలి తీసుకుని బెజ్జం పెద్దది చేశాడు. మళ్ళీ జారింది, మళ్ళీ పెద్దది చేశాడు. చివరికి బెజ్జానికీ బంధం అంచుకీ మధ్య వేలి మందం చెక్క కూడా మిగల్లేదు.

పెళ్ళినుంచి వచ్చిన తాతయ్య తలుపుమీద చెయ్యి వేసి చూసుకున్నారు. కోప్పడలేదు. కోతలయ్యాక కొత్త బంధం వేద్దామన్నారు.

నవంబరు 6. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. ఆ రాత్రి గాలి ఎలా వచ్చిందో ఇప్పుడు కోనసీమలో నా వయసువాళ్ళనెవరినడిగినా చెబుతారు. తెల్లారేసరికి కొబ్బరితోటలు నేలమట్టం. మన పెరటి తలుపు లోపలికి తెరుచుకునేది కదా, గాలి తోపుకి గడియ ఆ పల్చటి చెక్కని చీల్చుకుని వచ్చేసింది. తలుపు గోడకేసి బాదుకుంది. ఇంట్లోకి గాలి దూరితే అది బయటికి పోవడానికి దారి చూసుకుంటుంది, మనది పెంకుటిల్లు. నడవ మీది పెంకులు లోపలినుంచి లేచిపోయాయి. మీ నాన్న, తాతయ్య, పక్కింటి పాలేరు కలిసి ధాన్యం బస్తాలు ఈడ్చుకొచ్చి తలుపుకి అడ్డం పేర్చారు. నువ్వప్పటికి ఇంకా పాకడం కూడా రాని పిల్లాడివి. నీ ఉయ్యాల పక్కన ఒక పెంకు పడి పగిలింది. నిన్ను ఒళ్ళో వేసుకుని పట్టెమంచం కిందకి దూరాను. నువ్వు ఏడవలేదు, నేనేడ్చాను.

ఈ సంగతి మీ నాన్నకి గుర్తుచెయ్యకు. చేసినా పర్వాలేదు, ఇన్నేళ్ళయింది కదా, నవ్వుతాడేమో.

కాబట్టి చెక్క కోతలు ఆఖర్న. ముందు జబ్బు ఎక్కడో తెలుసుకో. తలుపు సగం తెరిచి, గడియ వైపు అంచుని రెండు చేతులతో పైకెత్తు. మీ అమ్మని బందుల దగ్గర నిలబెట్టు. బందు రేకు చెక్కమీద కదిలితే స్క్రూల పట్టు పోయింది. రేకు కదలకుండా మధ్య కమ్మీ దగ్గర ఊగితే బందు అరిగింది, కొత్తది కొనాలి. ద్వారబంధమే గోడలో కదిలితే అది తాపీ మేస్త్రి పని, నువ్వు ముట్టుకోకు. ఇవేవీ కదలక తలుపు రెక్కే ఒక పక్కకి వాలినట్టు అనిపిస్తే, పురికొస తీసుకుని మూలనుంచి మూలకి రెండు వైపులా కొలువు. రెండు కొలతలూ సమానంగా రాకపోతే పలకలు పట్టు వదిలేశాయని.

మనది వెనకాల అడ్డపట్టీలు, ఏటవాలు పట్టీ ఉన్న తలుపు. ఆ ఏటవాలు పట్టీ కింది కొస బందుల వైపు ఉండాలి, పై కొస గడియ వైపు. అప్పుడే బరువు బందు మీదకి దిగుతుంది. తిరగేసి కొడితే పట్టీ ఉండీ లేనట్టే. మధ్యలో ఎవరో మరమ్మతు చేసినప్పుడు తిప్పి కొట్టారని నాకు అనుమానం, ఫొటోలో సరిగ్గా కనపడలేదు. అది చూసి నాకు చెప్పు.

ఇక నీళ్ళు. ఊళ్ళోవాళ్ళు వరదని తిట్టమంటారు. 1986లో భద్రాచలం దగ్గర గోదారి 75 అడుగులు దాటి వచ్చినప్పుడు ఇదే తలుపు నడుంలోతు నీళ్ళలో రోజుల తరబడి నానింది. తాతయ్య ఒండ్రు కడిగి, నీడన ఆరబెట్టి, అవిసెనూనె పట్టించారు, అంతే. పాతకాలం టేకు. దానికి ఒక్కసారి మునగడం లెక్క కాదు, రోజూ కాస్త కాస్త తడవడమే దాని ప్రాణం తీస్తుంది. మన పెరటి చూరు కురచ. చూరునీళ్ళు గచ్చుమీద పడి చింది పలకల అడుగుకి తగులుతాయి. పలకల కొసల దగ్గర చెక్క రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి, నీళ్ళు ఎక్కువ తాగేది అక్కడే. పైగా పెరట్లో సిమెంటు చేయించినప్పుడు గచ్చు పెంచేశారు, గడప గుంటలో పడింది. చూరు కింద రేకు తొట్టి కట్టించి, వాలు మార్పించకుండా తలుపు బాగుచేస్తే మూడేళ్ళకి మళ్ళీ ఇదే పని. మేస్త్రికి ఇచ్చే డబ్బు దండగ అనుకోకు.

తలుపు దించాక ఎండలో పెట్టకు, వంకర పోతుంది. నీడలో, గాలి తగిలేచోట, నాలుగు దుంగలమీద బల్లపరుపుగా పెట్టు. ఆరాక స్క్రూడ్రైవరు మొనతో అడుగంతా గుచ్చుకుంటూ పో. కసుక్కున దిగినంత మేరా తీసెయ్యాలి, గట్టి చెక్క తగిలాక కూడా ఇంకో రెండంగుళాలు. ఏటవాలుగా కొయ్యి, అతుకు మీద నీళ్ళు నిలవకూడదు. అతుకు చెక్క కూడా టేకే ఉండాలి, నారలు ఒకే వైపు. జిగురు నీళ్ళకి తట్టుకునేది కొను. నా చిన్నప్పుడు సరేసు జిగురు కాచే పని నాది. మగపిల్లలకి ఉలి, నాకు సరేసు డబ్బా. అది నీళ్ళు తగిలితే కరిగిపోతుంది, పాత అతుకులు ఊడేది అందుకే.

పాత స్క్రూల బెజ్జాల్లో టేకు చీలలు జిగురుతో బిగించి, ఆరాక సన్నటి బెజ్జం వేసి కొత్త స్క్రూలు ఎక్కించు. పై బందుకి పొడుగు స్క్రూలు, లాగుడంతా దానిమీదే. మధ్యలో మూడో బందు కూడా వెయ్యి. స్టెయిన్‌లెస్ స్టీలో ఇత్తడో తీసుకో, స్క్రూలు కూడా అదే లోహం. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, టేకుమీద నల్లటి మరకలు కూడా.

బిగించాక సందులు చూసుకో. పక్కల రెండు రూపాయి బిళ్ళలు జతగా దూరేంత చాలు. ఇంకా ఎక్కడైనా రాసుకుంటే బంధానికి ముగ్గుపిండి పూసి తలుపు వేసి తియ్యి. పిండి అంటుకున్నచోటే గీకు. వర్షాకాలంలో అయితే అదీ వద్దు, కొవ్వొత్తి రుద్ది ఊరుకో.

రంగు వేసేవాళ్ళంతా తలుపుని నిలబెట్టే వేస్తారు. అడుగంచు, పై అంచు ఎవరికీ కనపడవు, ఎవరూ వెయ్యరు. తిరిగి ఎక్కించకముందే ఆ రెండిటికీ రెండు పూతలు వెయ్యి. చెదకి మోరి ఊరి వైపు దొరికే జీడిపిక్కల నూనె పూయమని ఎవరైనా చెబుతారు. మంచిదే, కానీ చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. గ్లవుజులు లేకుండా డబ్బా మూత కూడా తియ్యకు.

గడియ బెజ్జం సంగతి నీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. అయినా చెబుతున్నాను, బంధంలో కొత్త చెక్క ముక్క అతికి, కొత్తగా బెజ్జం వేసి, దానిమీద ఇత్తడి రేకు బిగించు. పైన ఒకటి, కింద ఒకటి, రెండు గడియలు.

తలుపు ఒక్కడివే దించకు. బరువెక్కువ, చివరి స్క్రూ ఊడగానే పాదం మీద పడుతుంది. కింద చెక్కపేళ్ళు పెట్టి బరువు వాటిమీదకి వచ్చాక, కింది బందు ముందు విప్పి, పైది ఆఖర్న విప్పు. మీ నాన్నని పట్టుకోమను. నేనూ వస్తాను. వచ్చేముందు రోజు ఫోన్ చెయ్యి, తాతయ్య ఉలులు అటకమీద నూనెగుడ్డలో చుట్టి ఉన్నాయి, తీసి పదును పెట్టించి ఉంచుతాను.

మీ అత్త