వైద్య సేవాసంస్థకు ఒకేసారి ఇవ్వాలా, నెలనెలా ఇవ్వాలా?

ప్రశ్న: మా అమ్మ కిడ్నీ జబ్బుతో చనిపోయారు. ఆమె పేరు మీద కిడ్నీ రోగులకు సాయపడే ఒక సంస్థకు డబ్బు ఇవ్వాలని ఉంది. నేను రిటైరయ్యాను. కొంత డిపాజిట్, ఎప్పుడో కొన్న షేర్లు ఉన్నాయి. ఒకేసారి ఇవ్వనా, నెలనెలా ఇవ్వనా, వీలునామాలో రాయనా?

జవాబు: అమ్మగారి పేరు మీద ఇవ్వాలన్న మీ ఆలోచన చాలా మంచిది. అయితే మొదటి మాట మీ గురించే. ఇచ్చేసిన డబ్బును మళ్లీ అడగలేం. మీ ఆరోగ్య బీమా, రెండు మూడేళ్ల ఇంటి ఖర్చు పక్కన పెట్టాకే మిగతాది లెక్కవేయండి. డిపాజిట్ మొత్తం ఒకేసారి ఇచ్చేయొద్దు.

నేనైతే నెలనెలా ఇవ్వమనే చెబుతాను. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో ఎక్కువమందికి వారానికి 3 సార్లు, ఒక్కోసారి సుమారు 4 గంటల పాటు అది తప్పదు. అమ్మగారి దగ్గర ఉండి మీరూ చూసే ఉంటారు. మిషన్ కొనిచ్చే దాతలు దొరుకుతారు, దానిమీద పేరు రాయించుకోవచ్చు కాబట్టి. డయలైజర్లు (రక్తాన్ని వడకట్టే ఫిల్టర్లు), ట్యూబులు, శుద్ధి చేసిన నీరు, టెక్నీషియన్ జీతం మాత్రం ప్రతి నెలా కావాలి. వచ్చే నెల ఎంత వస్తుందో ముందే తెలిస్తేనే సంస్థ ఇంకో రోగిని ధైర్యంగా చేర్చుకోగలదు. అందుకే ఫలానా పనికే వాడాలని షరతు పెట్టకండి. జీతాలకు పోతోందని బాధపడొద్దు. టెక్నీషియన్ లేకపోతే ఆ మిషన్ ఎవరికీ పనికిరాదు. బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా దానంతటదే వెళ్లేలా పెట్టండి.

కొందరు శాశ్వత నిధి పెడతారు. అసలు సొమ్ము కదలదు, దాని మీద రాబడి మాత్రమే ఖర్చవుతుంది. ఏడాదికి 4 శాతం వాడితే, మీరిచ్చిన ప్రతి 100లో ఆ ఏడాది రోగులకు చేరేది 4. చిన్న మొత్తాలకు నేనది చెప్పను.

పెద్ద మొత్తం ఇవ్వాలన్న కోరికను వీలునామాలో తీర్చుకోండి. బతికున్నంత కాలం డబ్బు మీ చేతిలోనే ఉంటుంది, మనసు మారితే తిరగరాసుకోవచ్చు. అంకె కాదు, ఆస్తిలో శాతం రాయండి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఇవాళ రాసిన అంకె విలువ 12 ఏళ్లలో సగమవుతుంది. రేపు మీ వైద్యానికే ఎక్కువ ఖర్చయినా, శాతం రాసి ఉంటే మిగిలినదాంట్లో ఇంట్లోవాళ్ల వాటా అంతా సంస్థకే పోదు. సంస్థ రిజిస్టరైన పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు రాయించండి. అప్పటికి అది మూతపడితే అదే పని చేసే ఇంకో సంస్థకు వెళ్లాలని ఒక వాక్యం చేర్చండి. ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పండి, తర్వాత తెలిస్తే గొడవలవుతాయి.

షేర్లను తొందరపడి అమ్మకండి. అమెరికా, బ్రిటన్‌లలో లాభంలో ఉన్న షేర్లను నేరుగా సంస్థకు బదిలీ చేస్తే ఆ లాభం మీద పన్ను పడదు. భారత్‌లో, పాత పన్ను విధానంలో ఉన్నవారికి, డబ్బుగా ఇచ్చిన విరాళానికే మినహాయింపు ఉంటుంది, షేర్లుగా ఇస్తే రాదు. నగదు 2,000 రూపాయలు దాటినా రాదు, కాబట్టి బ్యాంకు ద్వారానే ఇవ్వండి. నష్టంలో ఉన్న షేర్లయితే ఎక్కడైనా ముందు అమ్మండి. ఆ నష్టాన్ని పన్ను లెక్కలో ఎలా చూపించాలో ఆడిటర్‌ని అడిగి, చేతికొచ్చిన డబ్బు సంస్థకు పంపండి.