"సముద్రమును ఇకను లేదు" అయితే మా అన్నయ్య ఏం చేస్తాడు?

పాఠకుల ప్రశ్నలు – అమ్మగారి జవాబులు

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది విశాఖపట్నం పెదజాలరిపేట. ఆరేళ్ల క్రితం మా నాన్న వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. సమాధి లేదు కాబట్టి ఈస్టరు తెల్లవారుజామున అందరూ సమాధుల తోటకి వెళ్తుంటే మా అమ్మ ఒక్కతే బీచ్‌కి వెళ్లి ఇసకలో కొవ్వొత్తి గుచ్చి వస్తుంది. మొన్న నాన్న జ్ఞాపకార్థ కూడికలో అయ్యగారు ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం చదివారు. "సముద్రమును ఇకను లేదు" అనగానే అమ్మ గట్టిగా ఆమెన్ అంది. అన్నయ్య మాత్రం ఇంటికొచ్చాక "సముద్రం లేకపోతే అక్కడ నానేటి సేత్తానే?" అన్నాడు. అందరం నవ్వాం గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొత్త భూమి మీద నిజంగానే సముద్రం ఉండదా? ఈ భూమి అంతా కాలిపోతుందని కూడా అంటారు కదా, మరి మనం ఉండేది ఎక్కడ?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మీ అమ్మగారి ఆమెన్‌కీ, మీ అన్నయ్య ప్రశ్నకీ రెండింటికీ సరిపోయే జవాబు దొరికితేనే రాద్దామని ఆగాను.

ముందు మీ అమ్మగారి తరఫున మాట్లాడతాను. ఆ ఆమెన్ ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. 1971లో, నాకు పదమూడేళ్లప్పుడు, భీమిలి దగ్గర మా తమ్ముణ్ణి కెరటం లాక్కుపోయింది. మూడో రోజు దొరికాడు. మా ఇల్లు వన్‌టౌన్‌లో. మేడ మీద గదికి సముద్రం వైపు ఒక కిటికీ ఉండేది. ఆ వారంలోనే మా అమ్మ వడ్రంగిని పిలిచి దానికి మేకులు కొట్టించింది. ఆ తర్వాత నలభై మూడేళ్లు ఎవరం దాని జోలికి పోలేదు. సున్నం వేసేవాళ్లు కూడా దాని మీంచే వేసేసేవారు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను ఎలా వచ్చిందో విశాఖవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ గాలికి మా కిటికీ తలుపులు మేకులతో సహా ఊడొచ్చి మంచం మీద పడ్డాయి. దేవుని దయ, అమ్మ కింద గదిలో ఉంది. కరెంటు లేని ఆ రోజుల్లో ఆవిడ పైకెక్కి ఆ ఖాళీ చట్రం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. అప్పటికి ఎనభై నాలుగేళ్లు. "ఏం చూస్తున్నావే అమ్మా?" అంటే, "ఇంత చేసి కూడా ఏమీ ఎరగనట్టు ఎలా ఉందో చూడు, దీనికి సిగ్గయినా లేదు" అంది. ఆవిడకి తుపాను మీద కాదు కోపం.

ఇక ప్రకటన గ్రంథం రాసిన యోహాను సంగతి. ఆయన కూడా సముద్రంతో పడ్డవాడే. పత్మాసు అనే లంకలో పరవాసిగా ఉన్నాడు. ఆయన ప్రేమించిన ఏడు సంఘాలూ నీళ్లకు అవతలి గట్టున ఉన్నాయి. రోజూ పొద్దున్న లేస్తే కనిపించేది ఆ నీళ్లే. ఆయన దర్శనంలో క్రూరమృగం పైకి వచ్చింది సముద్రంలోంచి (13వ అధ్యాయం). అంతకు ముందు దానియేలు చూసిన నాలుగు మృగాలూ సముద్రంలోంచే వచ్చాయి. 18వ అధ్యాయం తీసి చూడండి, బబులోను సరుకుల చిట్టా ఉంటుంది: బంగారం, వెండి, రత్నాలు, పట్టుబట్టలు, గోధుమలు, గొర్రెలు, గుర్రాలు, అన్నిటికన్నా చివర బానిసలు, మనుషుల ప్రాణాలు. ఆ పట్టణం కాలిపోతుంటే ఓడల నాయకులూ నావికులూ దూరంగా నిలబడి ఏడుస్తారు, ఎందుకంటే వాళ్లందరూ దాని వల్లే ధనవంతులయ్యారు. ఇన్ని అధ్యాయాల్లో ఇంత చూసినవాడు "సముద్రమును ఇకను లేదు" అన్నాడంటే, ఆ మాటలో ఉప్పునీళ్ల కన్నా చాలా ఉంది.

నేను ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పాను కాబట్టి నా కన్ను వాక్యం కట్టే తీరు మీదికి పోతుంది. మొదటి వచనంలో "సముద్రమును ఇకను లేదు" అని ఉంది. నాలుగో వచనంలో "మరణము ఇక ఉండదు, దుఃఖమైనను ఏడ్పైనను వేదనయైనను ఇక ఉండదు" అని ఉంది. రెండు చోట్లా ఆ "ఇక" చూశారా? నేను రెంటినీ ఒకే జాబితాగా చదువుతాను. మరణం, దుఃఖం, ఏడుపు, వేదన అనే పేర్ల వరసలో మొట్టమొదటి పేరు సముద్రం. మనుషుల్ని విడదీసేది, మింగేది, మృగాన్ని కనేది, అది ఉండదు. అక్షరాలా నీళ్లే ఉండవని చెప్పే పెద్దలూ ఉన్నారు, వాళ్లతో నాకు తగువు లేదు. కానీ ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు సముద్రాన్ని చేసి "మంచిది" అనుకున్నాడు. ప్రకటన 5వ అధ్యాయంలో సముద్రంలో ఉన్న ప్రతి ప్రాణీ గొర్రెపిల్లకు, అంటే క్రీస్తుకు, స్తోత్రం చెబుతుంది. తాను మంచిదన్న దాన్ని, తనకు స్తోత్రం చెప్పిన దాన్ని ఆయన తీసి పారేస్తాడని నాకు అనిపించదు.

ఇంకో మాట, ఇది మీ అమ్మగారికి మీరే చదివి వినిపించండి. 21కి ముందు 20వ అధ్యాయం ఉంది. అక్కడ 13వ వచనం: "సముద్రము తనలో ఉన్న మృతులను అప్పగించెను." వరస గమనించండి. ముందు అప్పగించింది, ఆ తర్వాతే "ఇకను లేదు". తీసుకున్న వాళ్లను లెక్క ప్రకారం తిరిగి ఇవ్వకుండా దేవుడు దాన్ని ఎక్కడికీ పోనివ్వడు. మీ నాన్నగారికి సమాధి లేకపోవచ్చు, ఆయన ఎక్కడున్నాడో దేవుడికి తెలియనిది కాదు. మా తమ్ముణ్ణి మేం మట్టిలో పెట్టాం, మీ నాన్నగారు నీళ్లలో ఉన్నారు. పిలుపు ఇద్దరికీ ఒక్కటే.

ఇప్పుడు మీ అన్నయ్య దగ్గరికి వద్దాం. నవ్వి వదిలేసే ప్రశ్న కాదది. మనం పాటల్లో పరలోకాన్ని తెల్లబట్టలు, వీణలు, బంగారు వీధులతో నింపేసి, కష్టపడి పనిచేసేవాడికి అక్కడ చోటు లేకుండా చేశాం. యెహెజ్కేలు 47 చదవమనండి. దేవాలయం గడప కింద నుంచి సన్నగా నీరు ఊరుతుంది. చీలమండల దాకా, మోకాళ్ల దాకా, మొల దాకా, చివరికి ఈదితే తప్ప దాటలేనంత నది అవుతుంది. ఆ నది వెళ్లి పడేది మృతసముద్రంలో. చేప బతకనంత ఉప్పు ఉన్న నీళ్లవి. ఆ నీళ్లు బాగవుతాయి. ఏన్గెదీ నుంచి ఏనెగ్లాయీము దాకా ఒడ్డున జాలరులు నిలబడి వలలు వేస్తారట. చేపలు మహాసముద్రంలో ఉన్నట్టే రకరకాలుగా, విస్తారంగా ఉంటాయట. ప్రకటన 22లో యోహాను చూసిన జీవజల నది ఈ నదికి చుట్టమే: అక్కడా ఇక్కడా గట్టున నెలనెలా కాసే చెట్లు, స్వస్థపరిచే ఆకులు. ప్రవక్త చూసిన బాగుపడ్డ లోకంలో పేరు పెట్టి కనిపించే పనివాళ్లలో జాలరులు ఉన్నారని మీ అన్నయ్యకి చెప్పండి. లేచిన ప్రభువు తిబెరియ సముద్రం ఒడ్డున ఏం చేశాడో కూడా చెప్పండి. బొగ్గుల నిప్పు వేసి చేప కాల్చి, రాత్రంతా వల వేసి అలిసిపోయిన వాళ్లను "రండి భోజనము చేయుడి" అని పిలిచాడు. వల లాగితే నూట ఏబది మూడు గొప్ప చేపలు. ఎవరో కూర్చుని లెక్కపెట్టారన్నమాట! అది జాలరి లెక్క, పాస్టరు లెక్క కాదు.

కాలిపోవడం గురించి. పేతురు రెండో పత్రిక 3వ అధ్యాయంలో ఆ మాట ఉంది, కాదనను. కానీ అదే అధ్యాయంలో నోవహు కాలపు లోకం "నీటివలన మునిగి నశించెను" అని కూడా రాశాడు. నశించిన తర్వాత నోవహు ఓడ దిగి కాలు పెట్టింది ఎక్కడ? ఈ నేల మీదే. నశించింది దుర్మార్గం. నిప్పు సంగతీ అలాగే అర్థమవుతుంది నాకు. సింహాసనం మీద ఉన్నవాడు "కొత్తవి చేస్తాను" అనలేదు. "సమస్తమును నూతనమైనవిగా చేయుచున్నాను" అన్నాడు. ఉన్నవాటినే.

మీ పేటలో మీరు ఏటా చూసేదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అరవై ఒక్క రోజులు వేట నిషేధం. పడవల్ని ఒడ్డుకు లాగి బోర్లిస్తారు. అడుగున పట్టిన గుల్లల్ని గీకుతారు. ఆ చప్పుడు వింటే పళ్లు జివ్వుమంటాయి. నాచు, పాత రంగు, పుచ్చిన చోటు అంతా పోయేదాకా గీకి, పగులు పూడ్చి, పూత వేసి, రంగు వేసి, పేరు మళ్లీ రాస్తారు. సగం గీకినప్పుడు చూస్తే పడవ నాశనమైపోయిందనే అనుకుంటాం. జూన్‌లో నీళ్లలోకి దించినప్పుడు అందరూ "కొత్త పడవ" అంటారు, అయినా ఎవరి పడవ వాళ్లు గుర్తుపడతారు. లేచిన యేసు చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి కదా, తోమాకు చూపించాడు. మనం ఉండబోయేది ఎక్కడ అన్నారు. ఇక్కడేనమ్మా. యోహాను చూసిన పట్టణం పైనుంచి కిందికి దిగి వచ్చింది. మనం పైకెక్కిపోతున్నట్టు ఆ అధ్యాయంలో లేదు.

మా కిటికీ గురించి చెప్పడం మరిచాను. ఆ డిసెంబరులో కొత్తది పెట్టించాం. మేకులు కొట్టించమంటుందేమోనని వడ్రంగి ముందే అడిగాను. "గాలి వస్తోంది, ఉండనీ" అంది అమ్మ.

ప్రశ్న: నేను ఒక ఆసుపత్రిలో క్యాన్సర్ వార్డులో నర్సుని. దేవుడు చివరికి అన్నీ బాగుచేస్తాడు కదా, మరి మేం పడే ఈ పాట్లు దేనికి అనిపిస్తుంది. ఒక్కోసారి డ్యూటీ నుంచి వచ్చి ఏడుస్తాను. నిరీక్షణ ఉన్నవాళ్లు ఇలా ఏడవచ్చా?
– సీతమ్మధార

జవాబు: చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు. కాసేపట్లో తానే లేపబోతున్నాడని ఆయనకు తెలుసు. తెలిసీ ఏడ్చాడు. కాబట్టి ఏడవండి, ఆ తర్వాత అన్నం తినండి, నిద్రపోండి.

దేనికి అన్నారు కదా. మొదటి కొరింథీ 15లో పౌలు పునరుత్థానం గురించి యాభై ఏడు వచనాలు రాసి, యాభై ఎనిమిదో దాంట్లో "మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థముకాదని యెరిగి" పని చేయండి అన్నాడు. మన ఊరి సంగతి ఒకటి చెబుతాను. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు క్రాన్, డెగ్రాంజ్ అనే ఇద్దరు సముద్రాలు దాటి విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ పోయాడు, మరుసటి ఏడు డెగ్రాంజ్ పోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు సేరంపూరులో అచ్చయ్యేసరికి ఇద్దరూ లేరు. అచ్చు కాగితం వాసన కూడా చూడలేదు పాపం. మీ చేతుల్లో బాగుపడని రోగి విషయంలో మీరు చేసిన పని కూడా పోయిందనుకోకండి. నొప్పికి సమయానికి ఇంజెక్షన్ ఇవ్వడం, పక్క తిప్పి పడుకోబెట్టడం, ఎండిన పెదవుల మీద తడి దూది పెట్టడం, "వేదన ఇక ఉండదు" అన్న మాటకి మీ వార్డులో దొరికే రుచి అంతే. కొంచెమే, కానీ నిజం.

ప్రశ్న: 2030 లోపు ప్రభువు వచ్చేస్తాడని మావారు యూట్యూబ్‌లో విన్నారు. ఆనందపురంలో ఉన్న ప్లాటు అమ్మేసి, బాబు బి.టెక్. కూడా మాన్పించేస్తానంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
– గాజువాక

జవాబు: మత్తయి 24:36. ఆ దినం, ఆ గడియ దేవదూతలకే తెలియదు, యూట్యూబ్ వాళ్లకి ఎవరు చెప్పారట? థెస్సలొనీకలో కొందరు పని మానేసి తిరుగుతుంటే పౌలు ఏమన్నాడో రెండో థెస్సలొనీక 3:10లో చదివి వినిపించండి: పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదు అని. భోజనం వడ్డించే ముందు అయితే మరీ మంచిది. ప్లాటు అమ్మాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం. బాబు సెమిస్టర్ ఫీజుకి ఆఖరు తేదీ మాత్రం కాలేజీ నోటీసు బోర్డులో ఉంటుంది, అది చూసి కట్టేయండి.